మారథాన్‌కీ మారథాన్‌కీ మధ్య వారం దూరం పెంచడం: 30 నుంచి 48 దాకా

ప్రశ్న: వయసు 38, బరువు 70 కిలోలు. జనవరిలో ముంబై మారథాన్ 4 గంటల 38 నిమిషాల్లో పూర్తి చేశాను. ఆగస్టులో హైదరాబాద్ పరిగెత్తాలి. మే మొదట్లో 16 వారాల ప్లాన్ మొదలయ్యేలోపు వారానికి 60 కిలోమీటర్లకు చేరాలని ఉంది. ఇప్పుడు నాలుగు రోజుల్లో 30 కి.మీ. అవుతోంది. ఇంతకుముందు రెండుసార్లు వారానికి పది శాతం చొప్పున పెంచి చూశాను. రెండుసార్లూ 45 దగ్గరికి రాగానే షిన్ (మోకాలి కింద ముందువైపు ఎముక) నొప్పి. ఎక్కడ తప్పుతోంది?

జవాబు:

నొప్పి 45 దగ్గర బయటపడింది కాబట్టి 45 మీ కాళ్లకు ఎక్కువ అనుకోవద్దు. మీ లెక్క ప్రకారం వారాలు 30, 33, 36, 40, 44, 48 ఇలా సాగి ఉంటాయి. 44–45 కి.మీ. చేసిన వారంలో వచ్చిన నొప్పికి మూలం మూడు వారాల ముందు, 33–36 దగ్గరే పడి ఉంటుంది. ఈ ఆలస్యాన్ని అర్థం చేసుకుంటే మిగతా జవాబంతా దానంతట అదే తేలుతుంది.

పరుగు పెంచినప్పుడు శరీరంలో అన్నీ ఒకే వేగంతో మారవు. రక్తంలో ద్రవం ఒకటి రెండు వారాల్లోనే పెరుగుతుంది. అందుకే అదే పేస్‌కు (కిలోమీటరుకు పట్టే సమయం) గుండె నెమ్మదిగా కొట్టుకుంటుంది, ఊపిరి తేలికవుతుంది, ఇంకొంచెం పరిగెత్తొచ్చు అనిపిస్తుంది. కండరాలకు కొన్ని వారాలు పడుతుంది. స్నాయువులకూ ఎముకలకూ నెలలు కావాలి. పైగా ఎముక గట్టిపడే ముందు పలచబడుతుంది. కొత్త బరువు పడిన చోట శరీరం పాత ఎముకను ముందు తవ్వేస్తుంది. దానికి రెండు మూడు వారాలు. ఆ గుంటను కొత్త ఎముకతో నింపి గట్టిపరచడానికి మూడు నెలల దాకా పడుతుంది. అంటే దూరం పెంచిన మూడో, నాలుగో వారంలో మీ ఊపిరి అన్నిటికంటే బాగుంటుంది, మీ షిన్ ఎముక అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. వారం వారం పెంచే పద్ధతిలో సరిగ్గా ఆ సమయానికే ఇంకో రెండు పెంపులు వచ్చి మీద పడతాయి.

పది శాతం అనే సూత్రంతో చిక్కు ఇదే. అది ఎంత పెంచాలో చెబుతుంది, ఎప్పుడు ఆగాలో చెప్పదు. 30తో మొదలుపెట్టి ఆగకుండా పది శాతం వేసుకుంటూ పోతే పన్నెండో వారానికి 85 దాటుతుంది. అలా ఎవరూ చేయరు. నొప్పి ఆపే దాకా చేస్తారు. దానికి బదులు మెట్ల పద్ధతి తీసుకోండి: ఒకసారి పెంచడం, మూడు వారాలు అక్కడే నిలవడం, మళ్లీ పెంచడం.

ముందు క్యాలెండర్ చూద్దాం, ఎందుకంటే 60 అనే అంకె అక్కడే తేలిపోతుంది. ముంబై జనవరి మూడో ఆదివారం. హైదరాబాద్ ఆగస్టు రెండో సగంలో. మధ్యలో 31 లేదా 32 వారాలు. అందులో 16 ప్లాన్‌కి పోతే 15–16 మిగులుతాయి. మొదటి మూడు వారాలు రేసు నుంచి కోలుకోవడానికి: ఒక వారం పరుగే లేకుండా రోజూ 20–30 నిమిషాల నడక, రెండో వారం మూడు రోజులు అరగంట చొప్పున, మూడో వారం నాలుగు రోజుల్లో కలిపి 20–22 కి.మీ. ఇక చేతిలో ఉన్నవి పన్నెండు వారాలు, మహా అయితే పదమూడు. మూడేసి వారాల మెట్లు నాలుగు పడతాయి. మెట్టుకు 6 కి.మీ. చొప్పున 30, 36, 42, 48. మేలో ప్లాన్ మొదలయ్యేనాటికి 48. అరవై ఈ దఫా బేస్‌లో, అంటే ప్లాన్‌కు ముందు పునాది కట్టుకునే ఈ వారాల్లో రాదు, దాన్ని వదిలేయండి. 48 మీద నిలబడి ప్లాన్‌లోకి వెళ్తే, జులైలో ప్లాన్ శిఖరం దగ్గర 58–60 దానంతట అదే వస్తుంది.

ఇక్కడే ఇంకో సంగతి. చాలామంది హైదరాబాద్ తర్వాత వెంటనే ముంబైకి సిద్ధమవుతారు. ఆగస్టు చివరి నుంచి జనవరి మధ్యకు 20–21 వారాలు. 16 ప్లాన్‌కి, 3 కోలుకోవడానికి తీసేస్తే మిగిలేది ఒకటో రెండో. ఆ సందులో దూరం పెంచడానికి చోటే లేదు, ఉన్నదాన్ని నిలుపుకుంటే చాలు. అంటే ఈ రెండు రేసులూ పరిగెత్తేవారికి బేస్ కట్టుకునే కాలం ఏడాదికి ఒక్కటే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. దాన్ని పోగొట్టుకుంటే ఏడాదంతా అదే 30–40 మధ్య తిరుగుతారు.

మొదటి మెట్టులో దూరం పెంచకండి, రోజు పెంచండి. ఇప్పుడు నాలుగు రోజుల్లో చేసే 30నే ఐదు రోజులకు పంచండి. కాలి ఎముక మీద పడే దెబ్బ ఒకే రోజు పేరుకోకుండా చెదురుతుంది. ఎముక ఒకే పూట ఎక్కువసేపు దెబ్బలు తింటే కొంత సేపటికి వాటికి స్పందించడం మానేస్తుంది. అదే దూరాన్ని విడగొట్టి, మధ్యలో విరామం ఇస్తే మళ్లీ స్పందిస్తుంది. బేస్ కాలంలో రోజుల సంఖ్యకు నేను ఇచ్చే ప్రాధాన్యం వారంలో అన్నిటికన్నా పొడుగైన లాంగ్ రన్‌కు కూడా ఇవ్వను.

వారాలు ఇలా ఉండాలి. సోమ, శుక్ర సెలవు.

1–3 వారాలు, మొత్తం 30: మంగళ 5, బుధ 5, గురు 6, శని 4, ఆది 10.
4–6 వారాలు, మొత్తం 36: మంగళ 6, బుధ 6, గురు 8, శని 4, ఆది 12.
7–9 వారాలు, మొత్తం 42: మంగళ 7, బుధ 7, గురు 9, శని 5, ఆది 14.
10–12 వారాలు, మొత్తం 48: మంగళ 8, బుధ 8, గురు 10, శని 6, ఆది 16.

ప్రతి మెట్టులో మూడో వారం ఆదివారం పరుగు మాత్రం మూడో వంతు తగ్గించండి. 10కి బదులు 7, 12కి 8, 14కి 10, 16కి 11. మిగతా రోజులు అలాగే. ఆ వారాల మొత్తాలు 27, 32, 38, 43 అవుతాయి. పై మెట్టు ఎక్కే ముందు కాళ్లు ఒకసారి ఊపిరి పీల్చుకోవడానికి ఇది చాలు.

30 నుంచి 36కి ఒక్కసారి వెళ్లడమంటే ఇరవై శాతం కదా అని అభ్యంతరం వస్తుంది. వారం మొత్తంగా చూస్తే అంతే. కానీ రోజుకు వచ్చే తేడా ఒకటి, మహా అయితే రెండు కిలోమీటర్లు, ఆ తర్వాత మూడు వారాలు ఏమీ మారదు. పది శాతం పద్ధతిలో 48కి ఆరో వారంలో చేరతారు. ఇందులో పదో వారంలో చేరతారు. ఎముకకు కావలసిన నాలుగు వారాలు ఆ తేడాలోనే ఉన్నాయి.

మొదలుపెట్టే అంకె విషయంలో నిజాయితీగా ఉండండి. మీ అసలు దూరం అంటే గత నాలుగు వారాల సగటు. ముంబై ముందు నవంబర్‌లో ఒక వారం 55 చేశారనుకోండి, అది లెక్కలోకి రాదు. సగటు 24 వస్తే మొదటి మెట్టు 24, చివరి మెట్టు 42.

ఇప్పుడు పేస్. 4:38 మారథాన్ అంటే కిలోమీటరుకు దాదాపు 6:35. మీ ఈజీ పరుగు 7:10 నుంచి 7:50 మధ్య ఉండాలి, ఎండాకాలంలో ఇంకా నెమ్మదిగా. ఈ మాట చెబితే చాలామందికి నచ్చదు. గ్రూపులో అందరూ 6:30తో పోతుంటే వెనక పడటం చిన్నతనంగా అనిపిస్తుంది. అయితే 6:30 మీకు మారథాన్ పేస్ కన్నా వేగం. వారానికి ఐదు రోజులు రేసు పేస్‌తో పరిగెడుతూ దూరం కూడా పెంచుతుంటే షిన్ నొప్పి రాకపోతేనే ఆశ్చర్యం. పక్కన ఉన్నవారితో ఆగకుండా, వాక్యం మధ్యలో ఊపిరి తీసుకోకుండా మాట్లాడగలిగితే అది ఈజీ. ఒంటరిగా పరిగెత్తేవారు ఏదైనా పద్యమో పాట చరణమో పైకి చెప్పి చూడొచ్చు. ఊపిరి తెగకుండా నాలుగు పాదాలు పూర్తయితే సరే.

గుండె వేగం చూసుకునేవారికి గరిష్ఠంలో 65 నుంచి 75 శాతం. 220లోంచి వయసు తీసేసే లెక్కను గుడ్డిగా నమ్మొద్దు, ఒక్కో మనిషికి అది పది పన్నెండు బీట్లు అటూ ఇటూ ఉంటుంది. మణికట్టు మీద వాచీ కొలిచే అంకె కొన్నిసార్లు గుండెను వదిలేసి అడుగుల లయను పట్టుకుంటుంది. నెమ్మదిగా పరిగెడుతుంటే వాచీ 165–170 దగ్గర కదలకుండా చూపిస్తే అనుమానించండి. ఛాతీ బెల్టు ఆ పొరపాటు చేయదు.

వేగాన్ని పూర్తిగా వదిలేయమని కాదు. మొదటి మెట్టు మూడో వారం నుంచి మంగళ, శని పరుగుల చివర స్ట్రైడ్స్ పెట్టుకోండి: 20 సెకన్లు చురుగ్గా, ఒక నిమిషం నడక, ఇలా నాలుగుతో మొదలుపెట్టి ఆరుకు. ప్రాణం పెట్టి పరిగెత్తడం కాదు, మీ 5 కి.మీ. రేసు వేగం కన్నా కొంచెం ఎక్కువ. మూడో మెట్టు వచ్చాక గురువారం పరుగు చివరి 15 నిమిషాలు 6:30 దగ్గరికి తెచ్చి, నాలుగో మెట్టులో దాన్ని 20 నిమిషాలు చేయండి. అయితే మెట్టు మారిన మొదటి వారంలో ఇది వద్దు. దూరం పెరిగిన వారంలో వేగం పెరగకూడదు. ట్రాక్ మీద 400, 800 మీటర్ల ఇంటర్వెల్స్ (వేగంగా పరిగెత్తి, కాస్త ఆగి, మళ్లీ పరిగెత్తడం) ఈ పన్నెండు వారాల్లో అవసరం లేదు, వాటికి మే తర్వాత కావలసినంత కాలం ఉంది.

హైదరాబాద్ రేసుకు ఎత్తులు ఎక్కే పరుగు మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి. నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియం చేరే ఆ దారి నిండా ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు. ముంబైలో పెద్దర్ రోడ్డు ఎత్తు ఒక్కటి దాటితే చాలు అనుకున్నవారు ఇక్కడ రెండో సగంలో దెబ్బతింటారు. రెండో మెట్టు నుంచి బుధవారం పరుగును చదునైన చోట కాకుండా కేబీఆర్ పార్కు చుట్టూనో, మీ దగ్గరి ఎత్తుపల్లాల దారిలోనో పెట్టుకోండి. ఎక్కేటప్పుడు పేస్ పట్టించుకోకుండా ఊపిరి లయ కాపాడుకోండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవి చేసి త్వరత్వరగా వేయండి. షిన్‌కి, మోకాలికి హాని చేసేది ఎత్తు ఎక్కడం కాదు, పొడుగు అంగలు వేస్తూ దూకుడుగా దిగడం. విశాఖలో ఉండేవారికి బీచ్ రోడ్డు బాగుంటుంది కానీ రోడ్డు వదిలి మెత్తటి ఇసుకలో దిగొద్దు. మడమ కిందికి కుంగిపోయి అకిలీస్ (మడమ వెనక స్నాయువు), పిక్క రెండూ సాగిపోతాయి.

రోడ్డు గురించి ఒక చిన్న మాట. మన రోడ్లు నీళ్లు పోవడానికి మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా ఉంటాయి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ మీకు ఎడమవైపు అంచునే పరిగెడితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. నొప్పి రెండుసార్లూ ఒకే కాలికి వచ్చి ఉంటే ముందు దీన్నే అనుమానించండి. రోడ్డు దాటకుండా వెళ్లిన అంచునే తిరిగి వస్తే, ఆ అంచు ఈసారి మీకు కుడివైపు ఉంటుంది కాబట్టి వాలు రెండు కాళ్లకూ సమంగా పడుతుంది. ట్రాఫిక్ లేని చోట, వేకువనే అలా చేయొచ్చు. పార్కులో అయితే రోజు విడిచి రోజు చుట్టు దిశ మార్చండి.

షూస్. ఒక జత 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఈ పన్నెండు వారాల మొత్తం 450 దాటుతుంది, తర్వాత ప్లాన్ ఉండనే ఉంది. ముంబైకి వాడిన జతతోనే ఇదంతా లాగొద్దు. రెండు జతలు మార్చి మార్చి వాడండి, ఏ నెలలో కొన్నారో షూ నాలుక లోపలివైపు మార్కర్‌తో రాసిపెట్టుకోండి. కార్బన్ ప్లేట్ ఉన్న రేసు షూస్ ఈజీ పరుగుకు తీయొద్దు. కొత్త మోడల్‌కు మారాలనుకుంటే మెట్టు మధ్యలో మారండి, మెట్టు ఎక్కే వారంలో కాదు. మడమకూ ముందు భాగానికీ మధ్య ఎత్తు తేడా తక్కువున్న షూస్‌కు మారితే ఆ తేడా అంతా పిక్క మీద పడుతుంది.

పిక్కల బలం మీ విషయంలో తప్పనిసరి. పరుగులో సోలియస్ అనే లోపలి పిక్క కండరం శరీర బరువుకు ఆరేడు రెట్లు మోస్తుంది. అది అలిసిపోతే ఎముకను వంచే ఆ ఒత్తిడంతా షిన్ భరించాలి. మెట్టు అంచున ఒంటికాలి మీద నిలబడి మడమ పైకెత్తి దించండి. మోకాలు నిటారుగా ఉంచి 12–15, కొంచెం వంచి మరో 12–15, ఒక్కో కాలికి మూడు విడతలు, వారానికి రెండుసార్లు. ఎక్కడానికి ఒక సెకను, దిగడానికి మూడు సెకన్లు. ఒంటికాలిపై ఆగకుండా 25 చేయలేకపోతే బలం తక్కువున్నట్టు. అలవాటయ్యాక పుస్తకాలు నింపిన బ్యాగు భుజాన వేసుకోండి. దీంతో పాటు స్ప్లిట్ స్క్వాట్, ఒంటికాలి డెడ్‌లిఫ్ట్, సైడ్ ప్లాంక్ చేస్తే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. మంగళ, గురు పరుగు అయ్యాక చేయండి. సోమ, శుక్రవారాలు నిజంగా సెలవుగానే ఉండాలి.

మూడు, నాలుగు మెట్లు మార్చి ఆఖరు నుంచి మే మొదటి వారం దాకా నడుస్తాయి. మీ దూరం పెరిగే కొద్దీ ఎండ కూడా పెరుగుతుంది. వేకువన ఐదింటికి బయటపడి ఏడులోపు ఇంట్లో ఉండాలి. అప్పటికీ పాత పేస్ రాదు, కిలోమీటరుకు 15–30 సెకన్లు పోతాయి, పోనివ్వండి. ఏప్రిల్‌లో కిలోమీటర్లు వదిలేసి నిమిషాలు లెక్కపెట్టుకోవడం మేలు. 48 కి.మీ. అంటే 7:30 పేస్‌తో ఆరు గంటలు. వారానికి ఆరు గంటలు పరిగెత్తితే, వాచీలో 46 వచ్చినా మెట్టు పూర్తయినట్టే. ఆదివారం రెండు గంటలు దాటొద్దు. కిలోమీటరుకు ఎనిమిదిన్నర నిమిషాలు పట్టేవారు ఈ ప్లాన్‌ను మొదటి నుంచీ గంటల్లోనే వేసుకోవాలి. వాళ్లకు 48 అంటే దాదాపు ఏడు గంటలు. ఎముకకు లెక్క అడుగులతోనే, కిలోమీటర్లతో కాదు. విజయవాడ, రాజమండ్రి, విశాఖ వైపు ఉక్కపోత ఎక్కువ. అక్కడ నాలుగో మెట్టులో రెండు పరుగులు ట్రెడ్‌మిల్ మీదికి మార్చుకున్నా నష్టం లేదు.

నీళ్ల సంగతి ఊహించొద్దు, తూకం వేయండి. పరుగుకు ముందు, తర్వాత తడి బట్టలు తీసేసి బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగింది దానికి కలపండి. గంట దాటని పరుగుకు మధ్యలో ఏమీ తాగకపోయినా పరవాలేదు. ఆదివారం రెండు గంటలకు సీసా ఉండాలి, దాహం వేసినప్పుడు రెండు మూడు గుక్కలు. బరువు పెరిగి ఇంటికి వస్తే ఎక్కువ తాగారన్నమాట. ఉప్పు లేని నీళ్లు అలా అతిగా పట్టించడం ప్రమాదం, రక్తంలో సోడియం పడిపోతుంది. ఇంటికొచ్చాక అర లీటరు మజ్జిగలో అర టీస్పూను ఉప్పు మంచిది. ఓఆర్‌ఎస్ వాడితే లీటరు నీటికి కలిపే అసలైన పొడి ప్యాకెట్, ఆ పేరు అరువు తెచ్చుకున్న తీపి పానీయాలు కాదు.

తిండి పెంచకుండా దూరం పెంచితే ఎముకకు ఇటుకలు అందవు. పరుగుకు కిలోమీటరుకు, కిలో బరువుకు దాదాపు ఒక కేలరీ. 70 కిలోల మీకు 30 నుంచి 48కి వెళ్లడమంటే వారానికి 1,260, రోజుకు 180 కేలరీలు. రెండు ఇడ్లీలు, ఒక అరటిపండు అంతే. అంత చిన్న లోటే కదా అని వదిలేస్తే మూడు నెలల్లో అది పేరుకుపోతుంది. ఈ దశలోనే బరువు కూడా తగ్గుదామనే ఆలోచన వద్దు. ప్రోటీన్ రోజుకు 100 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. అన్నం, పప్పుచారు, ఒక కూర, పెరుగుతో అది రాదు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో 22 గ్రాములు ఉంటుంది కానీ రోజుకు మన పళ్లెంలోకి వచ్చే పప్పు అందులో సగం కూడా ఉండదు. గుడ్లు, చేపలు, శనగలు, పనీరు, ఏది తింటారో అది పెంచండి. షిన్ నొప్పి రెండుసార్లు వచ్చింది కాబట్టి విటమిన్ డి, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు ఒకసారి చేయించండి. భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే గంట దూరం జరపండి, ఐరన్ ఒంటబట్టనివ్వదు. ఇది చదివే ఆడవాళ్లకు: దూరం పెరుగుతున్నప్పుడు నెలసరి తప్పితే అది ఫిట్‌నెస్ లక్షణం కాదు, తిండి చాలడం లేదని ఎముకలు ఇచ్చే హెచ్చరిక. పెంచడం ఆపి డాక్టరును కలవండి.

రంజాన్ ఈ ఒకటి రెండేళ్లు సరిగ్గా ఫిబ్రవరి–మార్చిలో వస్తోంది. ఉపవాసం ఉండేవారు ఆ నెలంతా ఒకే మెట్టు మీద నిలవండి. ఇఫ్తార్‌కు ముందు అరగంట ఈజీగానో, తరావీ తర్వాతో పరిగెత్తి, పండగ అయ్యాక పెంచండి. అమెరికా షిఫ్టులో పనిచేసేవారు షిఫ్టు ముగించుకుని తెల్లవారే పరిగెత్తడం మానుకోవాలి. నిద్రపోయి లేచాకే పరుగు, అది సాయంత్రమైనా సరే. నిద్ర ఆరు గంటలకు పడిపోయిన వారం మెట్టు ఎక్కే వారం కాదు.

ఇక నొప్పి. షిన్ నొప్పిలో రెండు రకాలు, రెండిటినీ కలిపేస్తే చాలా నష్టం. షిన్ లోపలి అంచు వెంట నాలుగు వేళ్ల వెడల్పునో అంతకన్నా ఎక్కువో పరుచుకుని, పరుగు మొదట్లో ఉండి, ఒళ్లు వేడెక్కాక తగ్గేది ఒకటి. దీనికి ఆ మెట్టులో పావు వంతు తగ్గించి, స్ట్రైడ్స్ ఆపి, పిక్క వ్యాయామాలు సాగిస్తే రెండు మూడు వారాల్లో దారికొస్తుంది. ఒకే చోట, వేలి మొన పెడితే ఇక్కడే అని చెప్పగలిగేలా నొప్పి, పరిగెత్తే కొద్దీ పెరగడం, ఒంటికాలిపై గెంతితే కలుక్కుమనడం, రాత్రి పడుకున్నాక కూడా సలపడం రెండోది. అది ఎముకలో చీలిక మొదలైన సూచన. ఆ రోజే పరుగు ఆపండి. మొదటి వారాల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరిగెత్తొద్దు. తేల్చేది ఎంఆర్ఐ. షిన్ చీలికకు మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు ఉండదు. పెయిన్ కిల్లర్ వేసుకుని ఆదివారం పూర్తి చేయడం రెండు రకాలకూ చేటే.

పై మెట్టు ఎక్కాలా వద్దా అనేది క్యాలెండర్ నిర్ణయించకూడదు. మూడో వారం ఆఖరున మూడు చూడండి. పొద్దున్నే మంచం దిగినప్పుడు మొదటి పది అడుగుల్లో మడమలో, షిన్‌లో నొప్పి లేకపోవడం. లేవగానే నాడి మామూలు కన్నా ఏడెనిమిది బీట్లు పెరిగి రెండు మూడు రోజులు అలాగే ఉండకపోవడం. బుధవారం పరుగు మొదటి వారంలో కన్నా తేలికగా ఉండటం. మూడూ సరిగ్గా ఉంటే ఎక్కండి. ఒక్కటి తేడా ఉన్నా అదే మెట్టు మీద ఇంకో వారం. పదమూడో వారం ఉంటే అది దీనికే వాడుకోండి. ఏప్రిల్ చివరికి 42 దగ్గరే ఉండిపోయినా మారథాన్ ప్లాన్‌కు అది చెడ్డ పునాది కాదు, ఏ నొప్పీ లేకుండా 42 చేసినవాళ్లు 48తో కుంటుతూ వచ్చేవాళ్ల కంటే ముందుంటారు.

పరుగులు తప్పిపోతాయి. పెళ్లిళ్లు, ప్రయాణాలు, జ్వరాలు ఉంటాయి. ఒకటి నుంచి మూడు రోజులు తప్పితే ఏమీ కానట్టే కొనసాగించండి, తప్పిన కిలోమీటర్లను శని, ఆదివారాల్లో దూర్చొద్దు. వారం తప్పితే అదే మెట్టును ముప్పావు వంతు దూరంతో ఒక వారం చేసి తిరిగి ఎక్కండి. రెండు వారాలు తప్పితే సగం, తర్వాత ముప్పావు వంతు, ఆపైన పూర్తి. జ్వరం ఉన్నప్పుడు, తగ్గిన మొదటి మూడు రోజులు పరుగు లేదు. డెంగీ లాంటిదైతే డాక్టరు చెప్పేదాకా లేదు.

వేకువ పరుగుల్లో వీధికుక్కలు కూడా దూరం ప్లాన్‌ను దెబ్బతీస్తాయి కాబట్టి ఇక్కడే చెబుతాను. వెంటపడితే వేగం పెంచకండి, ఆగి దానివైపు తిరిగి నెమ్మదిగా నడుస్తూ పక్కకు తప్పుకోండి. కరిచినా గీరినా సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టించుకోండి.

ఎక్కువ దూరం గురించి మాట వచ్చినప్పుడల్లా న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ పేరు వినిపిస్తుంది. 800 మీటర్ల రన్నర్ పీటర్ స్నెల్‌తో కూడా ఆయన వారానికి వంద మైళ్లు, అంటే 160 కి.మీ. చేయించాడు, స్నెల్ 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్ల స్వర్ణం గెలిచాడు. అది చెప్పేవాళ్లు ఒకటి వదిలేస్తారు. అవి ఏళ్ల తరబడి కట్టుకున్న కాళ్లు. మీరు కూడా ఈ లెక్కను ఒక్క ఏడాదికి కాకుండా మూడేళ్లకు వేయండి: ఈసారి బేస్ చివర 48, వచ్చే ఏడాది 56, ఆపైన 62–64. ఆరో రోజు పరుగు వచ్చే ఏడాది చేర్చుకోవచ్చు, సోమవారం 4 కి.మీ.తో.

మేలో ప్లాన్ మొదటి వారం 48 దాటకుండా చూసుకోండి. చాలా ప్లాన్లు మొదటి వారం నుంచే ఇంటర్వెల్స్ పెడతాయి. మీ బేస్‌లో అవి లేవు కాబట్టి మొదటి రెండు వారాలు దూరాన్ని 42–44కి దించి వేగాన్ని లోపలికి రానివ్వండి, మూడో వారంలో 48కి తిరిగి రండి. ప్లాన్‌లో పిక్కల వ్యాయామం లేకపోయినా అది మాత్రం వారానికి రెండుసార్లు ఆగస్టు దాకా నడవాలి, రేసుకు పది రోజుల ముందు ఆపండి.